గీత పడ్డ చోటు

ఆదివారం రెండింటికి మామెలోడిలో
ఫుతి గారి గరాజ్ షట్టర్ పైకి లేస్తుంది.
కారు బయట ఎండకి.
లోపల బీరు కేసుల మీద పలక,
పలక మీద ఇస్త్రీ మడత చెదరని తెల్ల దుప్పటి,
దాని మీద రెండు టర్న్‌టేబుళ్ళు.

మా క్లబ్బు నియమాలు మూడే.
మనిషికి మూడు రికార్డులు.
ముల్లు దిగేదాకా పేరు చెప్పకూడదు.
బోటికూర తిన్న చేత్తో అట్ట ముట్టుకుంటే
ఇరవై రాండ్లు జరిమానా.
పోయినేడు పాస్టర్ గారే కట్టారు.

ఎవరేం వేశారో రాసేది నేను.
నల్ల అట్ట నోటుబుక్కు, ఇది పదకొండోది.
పేరూ నంబరూ చాలంటారు. నా చెయ్యి ఊరుకోదు.
"మ్మా సెయిపాటి: సోల్. ఒక ఆడగొంతు
క్షమించేశానంటూనే అంతా మళ్ళీ గుర్తు చేస్తోంది."
"ఫుతి: జాజ్, పియానో. ఎవరో మెట్లు దిగుతూ
చివరి మెట్టు ఉందనుకున్నారు, లేదు."

లెసిబా మూడో రికార్డు మాత్రం రాయక్కర్లేదు.
నలభై ఏళ్ళుగా అదే.
రెండో వైపు, మూడో పాట, నడుమ ఒక గీత.
ఎలా పడిందో నాలుగు కథలున్నాయి:
పోలీసు బూటని, మేకని, మొదటి పెళ్ళామని,
తాగి తనే గీశాడని (ఇది లెసిబా లేనప్పుడు).
ముల్లు అక్కడికొచ్చి తటాలున గెంతుతుంది.
మా కాళ్ళూ గెంతుతాయి,
ఎడమ మడమ, గాలి, కుడి మునివేళ్ళు.
మా వాడలో దాన్ని గోడ దూకడం అంటాం.
పెళ్ళిళ్ళలో దూకుతారు,
ఆ గీత సంగతే తెలియని పిల్లలు.

ఈ వారం తుమేలో, లెసిబా చెల్లెలి మనవడు,
అదే రికార్డు తెచ్చాడు. కొత్తది.
జీతంలో పావు పోశాడట.
చెరువులో అర్ధరాత్రిలా నల్లగా, నున్నగా ఉంది.

మూడో పాట.
మేమంతా దూకాం.
పాట దూకలేదు.
మ్మా సెయిపాటి నా పాదం తొక్కింది.

ఇన్నేళ్ళూ మేం దాటేసిన ఆ కాస్త మేరలో
ఒక ట్రంపెట్ ఉంది.
పట్టుమని పది సెకన్లు లేదు.
వీధి చివర ఎవరో నిలబడి
పిలవాలా వద్దా అని తటపటాయించి
సగం పేరు పిలిచి ఆగినట్టు.

లెసిబా కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.
టోపీ తీశాడు.
"ఈయన ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాడా" అన్నాడు.

మళ్ళీ వెయ్యమంటూండగా కరెంటు పోయింది.
శాక్సఫోన్ ముసలెద్దులా రొప్పి
మోకాళ్ళ మీద కూలింది.
చీకట్లో పళ్ళెం కాసేపు ఉత్తినే తిరిగింది.

అప్పుడు ఎవరో కూనిరాగం అందుకున్నారు.
బేస్ ఫుతి గారి పొట్టలోంచి,
తాళం గిన్నె మీద గరిటె.
గీత చోటు దగ్గరికి వస్తోంది.
దూకాలా, ట్రంపెట్ పాడాలా?
ఒకరి ఊపిరి ఒకరికి వినిపిస్తోంది.

మొదట దూకింది తుమేలో.
వాడి వెనక మేమందరం.

లెసిబా దూకలేదు.
వెనకే ఉండిపోయి
ఆ సగం పేరుని ఈలలో వెతుక్కుంటున్నాడు,
ఒక స్వరం తప్పి, ఇంకోటి దొరికి, అదీ తప్పి.
మేం అవతలి గట్టున
మడమలు తడుతూ నిలబడ్డాం,
ఆయన వచ్చి కలిసేదాకా.

కరెంటు తొమ్మిదింటికి వచ్చింది.
మొక్కజొన్న సంకటి గడ్డకట్టింది.
కొత్త రికార్డు అట్ట మీద, సరిగ్గా మధ్యన,
కూర మరక, ఒక బొటనవేలు.
లెసిబా ఏమీ అనకుండా యాభై నోటు తీసిచ్చాడు.
చిల్లర కోసం ఆగలేదు.